పడకగదిలో అంటుకునే పరాన్నజీవులు: ఇద్దరూ కలిసి ఎలా ఆపాలి

తెల్లబట్ట ఎక్కువవుతోందని ఆమె డాక్టరు దగ్గరకు వెళ్తుంది. మాత్రలు రాసిస్తారు. వారం వేసుకుంటుంది, తగ్గిపోతుంది. రెండు మూడు నెలలు తిరిగేసరికి మళ్లీ మొదలు. ఒంట్లో వేడి చేసిందనో, నా తత్వమే ఇంత అనో సర్దుకుపోతుంది. ఆయనకు ఏ బాధా లేదు కాబట్టి ఆయన కూడా మందు వేసుకోవాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాదు. ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి చేరిన ఇళ్లలో జరిగేది చాలాసార్లు ఇదే. ఆమె ఒంట్లో చచ్చిన క్రిమి ఆయన ఒంట్లో బతికే ఉంటుంది. మళ్లీ కలిసిన రోజు తిరిగి ఆమెకు చేరుతుంది.

సుఖవ్యాధులు అనగానే హెచ్ఐవీ, సిఫిలిస్, గనేరియా గుర్తొస్తాయి. పరాన్నజీవుల మాట ఎవరూ ఎత్తరు. ప్రాణం మీదకు తెచ్చేవి కావన్న చులకన కొంత, చెప్పుకోడానికి సిగ్గు కొంత. కానీ ఇవి చాలావరకు మందుతో పూర్తిగా నయమయ్యేవే. నయమయ్యే జబ్బుతో ఏళ్ల తరబడి బాధపడటం కన్నా అన్యాయం ఏముంటుంది? అందుకే ఏం చేయాలో మొదటినుంచీ వరసగా చెబుతాను. మీకు పెళ్లయినా కాకపోయినా, మీ భాగస్వామి ఆడైనా మగైనా ఇందులో చెప్పినవి మీకు పనికొస్తాయి.

ముందు, ఏది ఎక్కడ ఉంటుందో తెలుసుకోండి

జాగ్రత్త అనేది పరాన్నజీవిని బట్టి మారుతుంది. అన్నిటికీ కండోమ్ చాలదు, అన్నిటికీ శుభ్రత చాలదు. ఎక్కడుంటుందో తెలిస్తే ఎలా ఆపాలో అర్థమవుతుంది.

ట్రైకోమోనాస్ ఒకే కణం ఉన్న జీవి, కంటికి కనపడదు. ఆడవాళ్లలో యోనిలోను మూత్రనాళంలోను, మగవాళ్లలో మూత్రనాళంలోను ప్రోస్టేట్ గ్రంథిలోను ఉంటుంది. అదేదో అరుదైన జబ్బు అనుకోకండి. 2020లో ప్రపంచం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో సుమారు 15 కోట్ల 60 లక్షల కొత్త కేసులు వచ్చి ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సోకిన పదిమందిలో ఏడుగురికి దాకా ఏ లక్షణమూ ఉండదు. అసలు చిక్కంతా అక్కడే.

జననాంగ పేలు తలలో పేల లాంటివి కావు. పొట్టిగా, వెడల్పుగా, చిన్న పీతలా ఉంటాయి. మర్మాంగాల దగ్గరి వెంట్రుకలను పట్టుకుని రక్తం తాగుతాయి. చంకల్లోకి, ఛాతీ వెంట్రుకల్లోకి, గడ్డంలోకి, కనురెప్పల్లోకి కూడా పాకగలవు.

గజ్జి పురుగు చర్మం పైపొరలో సన్నటి సొరంగం తవ్వుకుని అందులో గుడ్లు పెడుతుంది. పక్కపక్కన పడుకున్నా, పిల్లల్ని ఎత్తుకున్నా అంటుకుంటుంది. ఒంటికి ఒళ్లు ఎక్కువసేపు తగిలే సందర్భం కాబట్టి శృంగారంలో మరీ సులువుగా అంటుకుంటుంది.

ఇక పేగుల్లో ఉండేవి: జియార్డియా, అమీబా, క్రిప్టోస్పోరిడియం. మన ప్రాంతంలో ఇవి ఎక్కువగా కలుషితమైన నీళ్లు, తిండి ద్వారానే వస్తాయి. కానీ మలద్వారం దగ్గర నోరు పెట్టినా, అక్కడ తాకిన వేళ్లు తర్వాత నోటికి తగిలినా ఇవి నేరుగా లోపలికి పోతాయి. జియార్డియా అయితే పట్టుమని పది సిస్టులు (మలంలో బయటపడే, గట్టి పొర కప్పుకున్న క్రిములు) మింగినా చాలు, జబ్బు రావడానికి.

కండోమ్‌ను సరిగ్గా వాడండి

ట్రైకోమోనాస్‌కు కండోమ్ మంచి అడ్డు. నూటికి నూరు శాతం కాదు, ఎందుకంటే కండోమ్ కప్పని చోట తడి తగిలినా కొంత ప్రమాదం ఉంటుంది. అయినా ప్రతిసారీ, సరిగ్గా వాడితే ప్రమాదం బాగా తగ్గుతుంది.

మన రెండు రాష్ట్రాల్లో ఒక చిక్కుంది. ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆమెకు కు.ని. ఆపరేషన్ అయిపోతుంది, ఆ రోజుతో కండోమ్ మాట కూడా ముగిసిపోతుంది. ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుంది, అంతే. కాపర్ టీ అయినా, గర్భనిరోధక మాత్రలైనా, మగవాళ్లకు చేసే వేసెక్టమీ అయినా క్రిములను ఒక్కదాన్నీ ఆపలేవు. ఇద్దరిలో ఎవరికైనా బయట మరో సంబంధం ఉన్నా, చికిత్స ఇంకా పూర్తి కాకపోయినా కండోమ్ కావాల్సిందే.

వాడే పద్ధతి ఇది. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి. ప్యాకెట్‌ను వేళ్లతో నొక్కితే లోపల గాలి తగలాలి; తగలకపోతే ఎక్కడో చిల్లు పడినట్టు. అంచున చేత్తో చింపండి, పళ్లతోనో కత్తెరతోనో వద్దు. అంగం గట్టిపడ్డాకే, ఒంటికి ఒళ్లు తగలకముందే తొడగాలి. మధ్యలో ఆపి తొడుక్కుందాం అనుకుంటే అప్పటికే ఆలస్యం అయినట్టే. కొసను రెండు వేళ్లతో నొక్కి గాలి తీసేసి, మొదలు దాకా దించండి. అయిపోయాక అంగం మెత్తబడకముందే మొదలు దగ్గర పట్టుకుని బయటకు తీయాలి. తీసినదాన్ని ముడేసి కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి. మలద్వారం నుంచి యోనికి మారేటప్పుడు తప్పకుండా కొత్తది తొడగాలి.

కొబ్బరినూనె గురించి విడిగా చెప్పాలి. మన ఇళ్లలో చేతికి అందేది అదే కాబట్టి చాలామంది అదే రాస్తారు. కొబ్బరినూనె, వాజెలిన్, బేబీ ఆయిల్, ఏ నూనె పదార్థమైనా రబ్బరు కండోమ్‌ను నిమిషాల్లోనే బలహీనం చేస్తుంది, అది చిరిగిపోతుంది. నీటితో చేసిన జెల్లీయే వాడాలి, మందుల షాపులో అడిగితే ఇస్తారు. యోనిలో వాడమని డాక్టరు ఇచ్చే కొన్ని క్రీములు, లోపల పెట్టుకునే మాత్రలు కూడా రబ్బరును పాడుచేస్తాయి. ఆ మందు వాడే రోజుల్లో కండోమ్ మీద నమ్మకం పెట్టుకోవచ్చా అని డాక్టర్నే అడగండి. ఒకదాని మీద ఒకటి రెండు తొడిగితే భద్రత పెరగదు, రాసుకుని రెండూ చిరుగుతాయి. పర్సులో, బండి డిక్కీలో నెలల తరబడి ఉంచిన కండోమ్ వేడికి పాడై ఉంటుంది, వాడకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా దొరుకుతాయి, ఆశా కార్యకర్తను అడిగినా ఇస్తుంది.

ఇద్దరు ఆడవాళ్ల మధ్య కూడా ట్రైకోమోనాస్ పాకుతుంది. జననాంగాలు తాకినా, ఒకరి తడి అంటిన వేళ్లు, వస్తువులు ఇంకొకరికి తగిలినా చాలు. వస్తువులు పంచుకోకపోవడం మేలు. పంచుకుంటే ఒకరి తర్వాత ఒకరికి కొత్త కండోమ్ తొడగాలి, లేదా బాగా కడగాలి.

కడుక్కోవడం గురించి

కలిసిన తర్వాత లోపలి దాకా సబ్బుతోనో, డెట్టాల్ కలిపిన నీళ్లతోనో కడుక్కుంటే ఏ జబ్బూ రాదని చాలామంది ఆడవాళ్ల నమ్మకం. దయచేసి ఆ పని చేయకండి. యోనిలో మేలుచేసే బ్యాక్టీరియా ఉంటుంది, అదే లోపలి ఆమ్లగుణాన్ని కాపాడుతూ బయటి క్రిములను అడ్డుకుంటుంది. యాంటీసెప్టిక్ పోసి దాన్ని చంపేస్తే క్రిములకు తలుపు తీసినట్టే. మంట, పుండ్లు అదనం. పైన మాత్రం మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. ఘాటైన వాసనలున్న వాష్‌లు కూడా అక్కర్లేదు. దుర్వాసన వస్తోందంటే దాన్ని కప్పిపెట్టడానికి చూడకండి, పరీక్ష చేయించుకోండి.

టాయిలెట్ సీటు నుంచి వచ్చిందేమో అని కూడా చాలామంది అంటారు. ట్రైకోమోనాస్ గాని, జననాంగ పేలు గాని మామూలుగా అలా రావు.

కండోమ్ ఆపలేనివాటికి కళ్లు ఉపయోగించండి

పేలకు, గజ్జికి కండోమ్ ఏమాత్రం అడ్డు కాదు. అవి ఉండేది కండోమ్ కప్పే చోట కాదు కదా. వీటికి మీ చూపే మొదటి రక్షణ. దీపం ఆర్పేసి చీకట్లో కలవడం మన అలవాటు. కనీసం కొత్త భాగస్వామి విషయంలో కాస్త వెలుతురు ఉంచుకోండి.

చూడాల్సినవి ఇవి. వెంట్రుకల మొదట్లో అతుక్కుని, గోటితో లాగినా ఊడిరాని చిన్న తెల్లటి గుడ్లు. లోదుస్తుల మీద సూదిమొనంత రక్తపు చుక్కలు. వేళ్ల సందుల్లో, మణికట్టు లోపలి వైపు, నడుం చుట్టూ, బొడ్డు దగ్గర, చనుమొనల చుట్టూ, మగవాళ్లలో అంగం మీద, వృషణాల మీద దురద పెట్టే చిన్న పొక్కులు. పగలు ఫర్వాలేదనిపించి రాత్రి పక్క మీద చేరగానే దురద విజృంభిస్తే గజ్జి అని గట్టిగా అనుమానించండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి దురద ఉంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గజ్జి మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్ని రోజులూ మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తూ ఇతరులకు అంటిస్తాడు. అందుకే చూసి తెలుసుకోవడం ఒక్కటే చాలదు. భాగస్వాముల సంఖ్య తక్కువగా ఉంచుకోవడం, అనుమానం ఉంటే కొన్నాళ్లు దూరంగా ఉండటం, ఒకరి తువ్వాలు, లుంగీ, లోదుస్తులు ఇంకొకరు వాడకపోవడం కూడా కావాలి. వెంట్రుకలు తీసేస్తే పేలకు పట్టు చిక్కదు, గజ్జికి మాత్రం దానితో ఏ తేడా రాదు.

విరేచనాలు అవుతున్నప్పుడు దూరంగా ఉండండి

పేగు పరాన్నజీవుల విషయంలో చెప్పేది కొంచెమే, కానీ గట్టిగా చెప్పాలి. ఇద్దరిలో ఎవరికి విరేచనాలు అవుతున్నా తగ్గేదాకా కలవకండి. తగ్గాక కూడా కొన్ని వారాలపాటు మలంలో సిస్టులు పడుతుండవచ్చు, కాబట్టి మలద్వారం దగ్గర నోరు పెట్టడం అప్పుడు కూడా వద్దు. మామూలు రోజుల్లో అలాంటివి మీకు ఇష్టమైతే ముందూ తర్వాతా ఆ భాగాన్ని సబ్బుతో కడుక్కోండి, మధ్యలో పల్చటి రబ్బరు పొర అడ్డు పెట్టండి. డెంటల్ డ్యామ్ దొరక్కపోతే కండోమ్‌ను నిలువునా కత్తిరించి పరిచినా సరిపోతుంది. వేళ్లు వాడితే గ్లోవ్ తొడుక్కోండి. తర్వాత గోళ్ల కింద దాకా సబ్బు పెట్టి చేతులు కడగాలి. శానిటైజర్ మీద ఆధారపడకండి, క్రిప్టోస్పోరిడియం దానికి లొంగదు.

జిడ్డుగా, నీళ్లపై తేలుతూ, మరీ కంపు కొట్టే విరేచనాలు, కడుపుబ్బరం వారాల తరబడి ఉంటే జియార్డియా కావచ్చు. రక్తం, జిగట పడుతుంటే అమీబా కావచ్చు. అమీబా కాలేయానికి చేరి చీముగడ్డ కట్టించగలదు కాబట్టి జ్వరం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి తోడైతే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. మలపరీక్ష ఒక్కసారి చేస్తే క్రిమి దొరక్కపోవచ్చు. వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు అడిగితే విసుక్కోకుండా ఇవ్వండి.

అనుమానం రాగానే ఏం అడగాలి

ట్రైకోమోనాస్ సోకిన 5 నుంచి 28 రోజుల్లో లక్షణాలు రావచ్చు, చాలా ఆలస్యంగానూ రావచ్చు. ఆడవాళ్లకు పసుపు పచ్చగానో, కాస్త ఆకుపచ్చగానో, నురగతో తెల్లబట్ట, నీచు వాసన, దురద, మూత్రం పోసేటప్పుడు మంట, కలిసినప్పుడు నొప్పి. మగవాళ్లకు మూత్రనాళంలో దురద, మూత్రం పోశాక గానీ వీర్యం పడ్డాక గానీ మంట, కొద్దిగా స్రావం. చాలామంది మగవాళ్లకు అదీ ఉండదు.

తెల్లబట్టకు ట్రైకోమోనాస్ ఒక్కటే కారణం కాదు. బ్యాక్టీరియల్ వజైనోసిస్, కాండిడా అనే ఫంగస్ కూడా ఉంటాయి. మూడింటికీ చికిత్స ఒకటి కాదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో సుఖవ్యాధుల మందులు రంగురంగుల కిట్లలో ఇస్తారు. తెల్లబట్టకు ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లో ట్రైకోమోనాస్‌ను, వజైనోసిస్‌ను చంపే సెక్నిడజోల్, ఫంగస్‌ను చంపే ఫ్లూకొనజోల్ రెండూ ఉంటాయి. అంటే ల్యాబ్ పరీక్ష లేకపోయినా చికిత్స మొదలవుతుంది, మంచిదే. కానీ కారణం ఏదో పేషెంట్‌కు తెలియకుండానే మిగిలిపోతుంది. కాబట్టి మీరే నోరు తెరిచి రెండు ప్రశ్నలు అడగండి: "డాక్టరు గారూ, ఇది ట్రైకోమోనాస్ కావచ్చా? మావారు కూడా మందు వేసుకోవాలా?" ఈ రెండో ప్రశ్న అడగకపోవడం వల్లే ఎంతోమంది ఆడవాళ్లు ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నారు.

పరీక్ష చేయిస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. స్రావాన్ని ఉప్పునీటి చుక్కలో కలిపి గాజుపలక మీద వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే ట్రైకోమోనాస్ తోకలాడిస్తూ గింగిరాలు తిరుగుతూ కనిపిస్తుంది. ఆ కదలికను బట్టే దాన్ని గుర్తుపడతారు. నమూనా తీసి ఒక మూల పెట్టి గంట తర్వాత చూస్తే కదలిక ఆగిపోతుంది, ఉన్న క్రిమి కూడా లేనట్టే తేలుతుంది. వెంటనే చూసినా దాదాపు సగం కేసులు ఈ పరీక్షకు దొరకవు. నెగటివ్ వచ్చినా బాధ తగ్గకపోతే న్యూక్లిక్ ఆమ్ల పరీక్ష, అంటే పీసీఆర్ లాంటిది, చేయించమని అడగండి. పాప్ స్మియర్ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం చేసేది, దీనికి అది నమ్మదగ్గ పరీక్ష కాదు.

ట్రైకోమోనాస్ ఉన్నవాళ్లకు హెచ్ఐవీ అంటుకునే ప్రమాదం పెరుగుతుంది. అందుకని అదే రోజు హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా చేయించుకోండి. గర్భిణి అయితే అసలు వాయిదా వేయకండి, నెలలు నిండకముందే కాన్పు అవడం, బిడ్డ బరువు తక్కువగా పుట్టడంతో ఈ క్రిమికి సంబంధం ఉంది. గర్భంతో ఉన్నప్పుడు కూడా డాక్టర్లు ఇవ్వగలిగిన మందు ఉంది, తెలిసినవాళ్లు చెప్పారని సొంతంగా మాత్రం వేసుకోవద్దు.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే, ఊళ్లో ఎవరైనా చూస్తారన్న టెన్షన్ ఉంటే, 1097కు ఫోన్ చేయండి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపే ఉచిత నంబరు అది. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఉంటాయి. అక్కడ కౌన్సెలర్ విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు, మందులు ఉచితం.

ఇద్దరూ ఒకే రోజు మందు మొదలుపెట్టండి

ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి. ట్రైకోమోనాస్‌కు సాధారణంగా ఆడవాళ్లకు మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు ఏడు రోజులు, మగవాళ్లకు ఒకేసారి 2 గ్రాములు ఇస్తారు. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరే నిర్ణయించాలి. నోట్లో ఇనుము నాకినట్టు రుచి, వికారం ఉండొచ్చు. అన్నం తిన్నాక వేసుకుంటే తట్టుకోవచ్చు. మూడో రోజుకే తెల్లబట్ట తగ్గిందని మాత్రలు ఆపకండి. మందు వాడే రోజుల్లో మద్యం మానేయడం మంచిది. అంతేకానీ సాయంత్రం పార్టీ ఉందని మాత్ర మానేయడం పద్ధతి కాదు.

ఇద్దరి మందూ పూర్తయి, లక్షణాలన్నీ పోయేదాకా కలవకూడదు. ఒక్క మోతాదుతో మందు ముగించినవాళ్లు ఆ తర్వాత ఒక వారం ఆగాలి. గత రెండు నెలల్లో ఇంకెవరితోనైనా సంబంధం ఉండి ఉంటే వాళ్లకూ చెప్పాలి. చెప్పలేకపోతే కౌన్సెలర్ సాయం అడగండి.

ఇంట్లో చెప్పడమే కష్టం, నాకు తెలుసు. అన్నం తింటున్నప్పుడో, గొడవ మధ్యలోనో కాకుండా, పిల్లలు పడుకున్నాక చెప్పండి. "ఏవండీ, నాకు ఇన్ఫెక్షన్ ఉందని తేలింది. మగవాళ్లకు బాధ లేకపోయినా లోపల ఉంటుందట. ఇద్దరం ఒకేసారి మందు వేసుకోకపోతే నాకు మళ్లీ వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. రేపు మీరూ రండి." ఇంతకు మించి అక్కర్లేదు. ఎవరి వల్ల వచ్చింది అనే మాట ఎత్తకండి. ట్రైకోమోనాస్ లక్షణాలు లేకుండా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఒంట్లో ఉండగలదు. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. గజ్జి అయితే హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన పిల్లాడు కూడా తెచ్చి ఉండొచ్చు. దాన్ని పట్టుకుని నడవడిక మీద అనుమానపడటం శుద్ధ తప్పు.

మగవాళ్లకు ఒక మాట. మీ ఆవిడ ఈ సంగతి చెప్పిందంటే మీ మీద నింద వేస్తోందని అర్థం కాదు. మాత్ర వేసుకోడానికి ఒక్క నిమిషం చాలు. వేసుకోండి.

చెబితే కొడతాడన్న భయం ఉంటే ముందు ఆ భయం గురించే కౌన్సెలర్‌తో మాట్లాడండి. మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది.

గజ్జికి మందు రాసే రాత్రి

గజ్జికి మందు పనిచేయలేదని వచ్చేవాళ్లలో చాలామందిది రాసే పద్ధతిలోనే లోపం. అందుకే ఇది వివరంగా చెబుతున్నా.

ఇంట్లో దురద ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, ఒకే పక్క మీద పడుకునేవాళ్లు, భాగస్వామి, అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. సాధారణంగా ఇచ్చేది 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి సుమారు 30 గ్రాముల ట్యూబు కావాలి, ఒక్క ట్యూబు కొని నలుగురూ పంచుకుంటే ఎవరికీ చాలదు. గోళ్లు పొట్టిగా కత్తిరించండి. స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా ఆరాక మెడ నుంచి అరికాళ్ల దాకా రాయాలి. పొక్కులున్న చోటే కాదు, చర్మమంతా. వేళ్ల సందులు, గోళ్ల కింద, చంకలు, బొడ్డు లోపల, రొమ్ముల కింద, తొడల సందులు, మర్మాంగాల మీద, పిరుదుల మధ్య, కాలివేళ్ల సందులు. వీపుకు మీ చెయ్యి అందదు, ఒకరికొకరు రాసుకోండి. పసిపిల్లలకైతే తలకు, ముఖానికి కూడా ఎలా రాయాలో డాక్టర్ని అడిగి రాయాలి. 8 నుంచి 14 గంటలు అలాగే ఉంచుకుని పొద్దున స్నానం చేయండి. మధ్యలో చేతులు కడుక్కుంటే చేతులకు మళ్లీ రాయాలి, ఈ ఒక్కటీ చాలామంది మరిచిపోతారు. వారం తర్వాత ఇదంతా మరోసారి చేయాలి.

ఆ పొద్దునే గత మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు, దిండు గలేబులు, తువ్వాళ్లు మరిగే నీళ్లలో నానబెట్టి ఉతికి మంచి ఎండలో ఆరేయండి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూట కట్టి వారం రోజులు పక్కన పెట్టండి. మనిషి ఒంటి మీద కాకుండా బయట గజ్జి పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. పరుపులు పారేయాల్సిన పని లేదు.

పురుగు చచ్చాక కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. చర్మంలో మిగిలిన పురుగుల అవశేషాలకు ఒళ్లు స్పందిస్తుంది కాబట్టి అలా ఉంటుంది. కంగారుపడి రోజూ క్రీము పూయకండి, చర్మం మండిపోతుంది. నాలుగు వారాల తర్వాత కూడా కొత్త పొక్కులు వస్తుంటే మళ్లీ డాక్టర్ని కలవండి. కొందరికి ఐవర్‌మెక్టిన్ మాత్రలు ఇస్తారు, గర్భిణులు వాటిని వేసుకోకూడదు.

మందుల షాపులో "దురదకు ఏదైనా ఇవ్వండి" అని అడిగి తెచ్చుకునే క్రీముల మీద నాకు చాలా కోపం ఉంది. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నాలుగు రోజులు హాయిగా అనిపిస్తుంది, ఈలోగా గజ్జి గజ్జిలా కనిపించకుండా పోయి ఒళ్లంతా పాకుతుంది. చర్మ డాక్టరు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. తొడల సందుల్లో పలచబడిన చర్మం మీద చారలు పడితే అవి జీవితాంతం ఉంటాయి. ఏ పేరూ తెలియని క్రీము మర్మాంగాల దగ్గర రాయకండి.

జననాంగ పేలకు పని ఇంకా తేలిక. 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ వెంట్రుకలకు పట్టించి 10 నిమిషాలు ఉంచి కడిగేయాలి, సన్నపళ్ల దువ్వెనతో గుడ్లు తీసేయాలి. గుడ్లు 6 నుంచి 10 రోజుల్లో పొదుగుతాయి కాబట్టి తొమ్మిది పది రోజులకు మళ్లీ చూసి, అవసరమైతే రెండోసారి పట్టించాలి. కనురెప్పలకు మాత్రం ఆ మందు తగలకూడదు, కంటి డాక్టరు చెప్పిన ఆయింట్‌మెంటే వాడాలి. బట్టల జాగ్రత్తలు గజ్జికి చెప్పినవే, కాకపోతే ఉతకలేనివాటిని సంచిలో రెండు వారాలు ఉంచండి.

చిన్నపిల్లలకు గజ్జి రావడం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు. కానీ పిల్లల్లో ట్రైకోమోనాస్ గాని, కనురెప్పల్లో జననాంగ పేలు గాని కనిపిస్తే పిల్లల డాక్టర్ని వెంటనే కలిసి దాచకుండా మాట్లాడండి. ఎవరైనా ఆ బిడ్డను బాధపెడుతున్నారేమో చూడాల్సిన సమయం అది. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

మూడు నెలలకు మళ్లీ పరీక్ష

ట్రైకోమోనాస్‌కు మందు వాడిన ఐదుగురిలో ఒకరికి మూడు నెలల్లోపు మళ్లీ సోకుతుంది. కాబట్టి బాధ లేకపోయినా ఆడవాళ్లు మందు వాడిన మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. మందు అయిపోయిన మరుసటి వారమే న్యూక్లిక్ ఆమ్ల పరీక్ష చేయిస్తే చచ్చిన క్రిమి ఆనవాళ్లకే పాజిటివ్ రావచ్చు, తొందరపడకండి. ఫోన్‌లో తేదీ పెట్టుకోండి. మూడు నెలలకు మళ్లీ పాజిటివ్ వస్తే రెండు సంగతులు డాక్టరుకు చెప్పండి: ఇద్దరూ మందు పూర్తిగా వాడారా, మధ్యలో కండోమ్ లేకుండా కలిశారా. రెండూ సరిగ్గానే జరిగి కూడా క్రిమి పోలేదంటే అది ఆ మందుకు లొంగని రకం కావచ్చు. అప్పుడు ఎక్కువ మోతాదు గాని, టినిడజోల్ గాని ఇస్తారు. ఆ విడత కూడా ఇద్దరూ ఒకే రోజు మొదలుపెట్టాలి.